పేరు చివర చదవండి: పాత ఖరీదైన పెన్నుల మోడల్ గుర్తుపట్టే పద్ధతి

క్లిప్పు మీద బాణం ఉంటే పార్కర్, క్యాప్ కొన మీద తెల్లటి నక్షత్రంలాంటి గుర్తు ఉంటే మోంట్‌బ్లాంక్. ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఒకే పార్కర్ 51లో కూడా 1942 నాటి పెన్నుకూ 1965 నాటి పెన్నుకూ లోపలి పనితనం వేరు, రిపేరు వేరు, ధర వేరు.

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో ఇలాంటి పెన్నులు ఇప్పటికీ బయటపడుతుంటాయి. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రమే. ప్లీడర్లు, హెడ్మాస్టర్లు, తాలూకా ఆఫీసు ఉద్యోగులు మంచి పెన్ను కొనాలంటే మద్రాసు వెళ్లాల్సిందే. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక, పైచదువులకు విదేశాలు వెళ్లొచ్చిన అధ్యాపకులు తెచ్చుకున్నవి కొన్ని. ఇప్పుడవి మనవళ్లు, మనవరాళ్ల చేతికి వస్తున్నాయి, "ఇది ఏ పెన్ను, ఎంత చేస్తుంది" అనే ప్రశ్నతో.

ధర సంగతి పక్కన పెట్టి ముందు మొదటి ప్రశ్నకు జవాబు వెతుకుదాం. దానికో చిక్కు ఉంది. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతుల మీద ఆంక్షలు పెరిగాయి. ఒరిజినల్ విడిభాగాలు దొరక్క, రిపేరు చేసేవాళ్లు చేతికందిన పాళీ, చేతికందిన క్యాప్ తగిలించి పెన్ను రాసేలా చేసి ఇచ్చారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, అప్పట్లో పెన్ను రాయడమే ముఖ్యం. కానీ దాని ఫలితం ఏమిటంటే, ఇవాళ మన చేతిలో ఉన్న పెన్నుకు క్యాప్ ఒక మోడల్‌ది, పాళీ ఇంకో కంపెనీది, బ్యారెల్, అంటే పెన్ను ఒళ్లు, మాత్రమే అసలుది కావచ్చు. పేర్లు ఉండేది సరిగ్గా ఈ మారిపోయే భాగాల మీదే. అందుకే నా పద్ధతిలో పేరు చివర చదవాలి. ముందు ఇంకు ఎలా ఎక్కుతుందో చూడాలి, తర్వాత ఒళ్లు దేనితో చేశారో, సైజు ఎంతో. అంకెలు, అక్షరాలు, పాళీ మీది పేరు ఆ తర్వాతే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

వాచీలు బాగుచేసేవాళ్లు, నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే, పదింతలు పెద్దగా చూపించే లూప్ ఒకటి, చిన్న టార్చి, మిల్లీమీటర్ల స్కేలు, ఒక చిన్న అయస్కాంతం, మెత్తటి పాత నూలు గుడ్డ, ఒక నోటుబుక్కు. గ్రాములో పదో వంతు చూపించే డిజిటల్ త్రాసు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

చేయకూడనివి ఇంతకంటే ముఖ్యం. బిగుసుకుపోయిన భాగాన్ని పటకారుతో తిప్పకండి. ఎండిన ఇంకు వదలాలని పెన్ను మొత్తాన్ని నీళ్లలో నానబెట్టకండి, ఎందుకో పదార్థాల దగ్గర చెబుతాను. పాళీని గీటురాయి మీద గీయించకండి. "బంగారమేనా చూద్దాం" అని ఒక్క గీత గీసినా పాళీ మొన పాడవుతుంది. చాలా పాళీల్లో గ్రాము బంగారం కూడా ఉండదు, కాబట్టి కరిగించి లాభపడేది ఏమీ లేదు. వెండి క్యాప్‌ను పూజ గదిలో కుందులు తోమినట్టు చింతపండు, విభూతి పెట్టి తోమకండి. పార్కర్ 75 వెండి పెన్ను మీద గళ్ల మధ్య కనిపించే నలుపు మురికి కాదు, కంపెనీ కావాలని ఉంచిన రంగు. తోమితే పెన్ను మెరుస్తుంది, విలువ పోతుంది.

మొదటి అడుగు: ఇంకు ఎలా ఎక్కుతుంది

పెన్నులో మార్చడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే. బ్యారెల్‌ను ఆ యంత్రానికి తగ్గట్టే తయారుచేస్తారు. అందుకే కాలాన్ని ఇది చెప్పినంత గట్టిగా ఇంకేదీ చెప్పదు.

క్యాప్ తీసి, బ్యారెల్‌ను చుట్టూ తిప్పి చూడండి. పక్కన సన్నటి లోహపు మీట ఉంటే అది లివర్ పెన్ను. గోరుతో మీట లేపితే లోపలి రబ్బరు సంచి నొక్కుకుని, వదిలాక ఇంకు పీల్చుకుంటుంది. 1908లో వాల్టర్ షేఫర్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. షేఫర్, వాటర్‌మాన్, స్వాన్, కాన్వే స్టూవర్ట్ పెన్నుల్లో ఇది విరివిగా కనిపిస్తుంది. మీట బదులు అర్ధచంద్రాకారపు లోహపు రేకు బయటికి పొడుచుకుని ఉంటే అది కాంక్లిన్. దీన్ని పొరబడే అవకాశమే లేదు.

పక్కన ఏమీ లేకపోతే తోక వైపు చూడండి. బ్యారెల్ చివర వెంట్రుకంత సన్నటి గీత కనిపిస్తే అక్కడ విప్పదీసే చిన్న మూత ఉన్నట్టు. దాన్ని మెల్లగా విప్పండి. లోపల పొట్టి బొత్తాం ఉండి, నొక్కితే కాస్త మాత్రమే దిగితే అది బటన్ ఫిల్లర్. 1921లో వచ్చిన పార్కర్ డ్యుయోఫోల్డ్‌ది ఈ పద్ధతే. బొత్తాం బదులు స్ప్రింగుతో పైకీ కిందికీ ఆడే పొడవాటి కడ్డీ ఉంటే అది పార్కర్ వాక్యుమాటిక్ పద్ధతి. కడ్డీని చాలాసార్లు నొక్కితేగాని ఇంకు నిండదు. ఈ రెంటినీ తికమక పడేవాళ్లు ఎక్కువ. బొత్తాం ఒకసారి నొక్కి వదిలేది, కడ్డీ పంపులా కొట్టేది, అదే తేడా.

వాక్యుమాటిక్ కడ్డీ కూడా తేదీ చెబుతుంది. 1933లో మొదలైనప్పుడు కడ్డీ అల్యూమినియంది. నొక్కి తిప్పితే లోపలే తాళం పడి, దానిమీద పొట్టి మూత సరిపోయేది. 1937 ప్రాంతంలో తాళం లేని పొడవాటి అల్యూమినియం కడ్డీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం కరువై 1942 నుంచి ప్లాస్టిక్ కడ్డీ పెట్టారు. అంటే మూత విప్పి కడ్డీ చూస్తే చాలు, పెన్ను 1942కు ముందుదో తర్వాతదో తెలిసిపోతుంది.

తోక గుండ్రంగా తిరుగుతూ, లోపల పిస్టన్ కదులుతుంటే అది పిస్టన్ ఫిల్లర్. 1929లో పెలికాన్ తెచ్చిన పెన్నుతో ఇది పేరు పొందింది. మోంట్‌బ్లాంక్ 149 కూడా ఇదే జాతి. తోక తిప్పుతుంటే పాళీయే పైకి లేస్తూ, దిగుతూ ఉంటే మాత్రం అది సేఫ్టీ పెన్ను. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల నాటిది. అలాంటిది దొరికితే ముందు పాళీ పూర్తిగా లోపలికి దించి, ఆ తర్వాతే క్యాప్ పెట్టాలి, లేకపోతే మొన విరిగిపోతుంది.

షేఫర్‌లో రెండు వింతలు ఉన్నాయి. తోక తిప్పి లాగితే పొడవాటి గొట్టం బయటికి వచ్చి, గాలి ఒత్తిడితో నిండేది టచ్‌డౌన్, 1949 నాటిది. అలా చేసినప్పుడు పాళీ కింద నుంచి సూదిలాంటి సన్నటి గొట్టం కూడా బయటికి వస్తే అది స్నార్కెల్, 1952లో వచ్చింది. పాళీ ఇంకులో ముంచకుండా ఆ గొట్టంతోనే తాగుతుంది. అంత ఆలోచించి చేసిన యంత్రం పెన్నుల చరిత్రలో తక్కువే. ఆగిపోతే బాగుచేయడం కష్టమన్నదీ నిజమే.

బ్యారెల్ విప్పితే లోపల మెరిసే లోహపు తొడుగు, దాని కిటికీలో నొక్కే పట్టీ ఉంటే అది పార్కర్ 51 ఏరోమెట్రిక్ లాంటిది. అమెరికాలో 1948 నుంచి ఇదే. బ్యారెల్ విప్పితే ఏమీ లేకుండా ఖాళీ గొట్టమే ఉండి, మర తిప్పి బిగించే చోట ఇంకు మరకలు ఉంటే అది డ్రాపర్‌తో పోసే పెన్ను. ఇక్కడ ఒక జాగ్రత్త. సంచి కుళ్లిపోయిన లివర్ పెన్నుల మీటను మైనంతో మూసేసి డ్రాపర్ పెన్నులుగా మార్చడం కూడా ఉంది. బ్యారెల్ పక్కన పూడ్చిన సందు కోసం టార్చి వేసి చూడండి.

ఇంకు నింపి వచ్చే ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్ పట్టే పెన్ను ఎంత పాతగా కనిపించినా 1950లకు ముందుది కాదు. "మా ముత్తాత 1930లో కొన్నాడు" అని ఎవరైనా కార్ట్రిడ్జ్ పెన్ను చూపిస్తే, ముత్తాతను గౌరవిస్తూనే తేదీని పక్కన పెట్టండి.

రెండో అడుగు: ఒళ్లు దేనితో చేశారు

దీనికి ముక్కు కావాలి. బ్యారెల్‌ను నూలు గుడ్డతో వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడండి. గంధకం వాసన వస్తే ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌కు కర్పూరం కలిపే దాన్ని తయారుచేస్తారు. తిరుపతి మనిషికి కర్పూరం వాసన నేర్పించాల్సిన పని లేదు కాబట్టి ఈ పరీక్షలో మనం కాస్త ముందున్నట్టే. ఏ వాసనా లేకపోతే తర్వాతి కాలపు ప్లాస్టిక్ కావచ్చు. పార్కర్ 51 ఒళ్లు లూసైట్ అనే యాక్రిలిక్‌ది, దానికి వాసన ఉండదు. కాల్చిన సూది గుచ్చి చూసే పద్ధతి కొందరు చెబుతారు, దాని జోలికి పోకండి. సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది.

వాసన ఎంత పనిచేస్తుందో డ్యుయోఫోల్డ్ విషయంలో తెలుస్తుంది. "బిగ్ రెడ్" అనే ఎర్ర డ్యుయోఫోల్డ్ 1921లో వచ్చినప్పుడు ఎబొనైట్‌తో చేసేవారు. 1926 నుంచి పెర్మనైట్ అనే పేరుతో సెల్యులాయిడ్‌కు మారారు. రెండూ ఎర్రగానే ఉంటాయి, రెండింటికీ నల్లటి కొనలే. రుద్ది వాసన చూస్తే గంధకం ముందుతరం, కర్పూరం తర్వాతితరం. ఇక సైజు కొలవండి. సీనియర్ మూత పెట్టి సుమారు 14 సెంటీమీటర్లు, లావుగా ఉంటుంది. జూనియర్ పొట్టి. లేడీ పొట్టిగానూ సన్నగానూ ఉండి, క్లిప్పుకు బదులు పైన రింగుతో ఎక్కువగా కనిపిస్తుంది, గొలుసుకు తగిలించుకోవడానికి.

నానబెట్టొద్దని ఎందుకన్నానంటే, నల్ల ఎబొనైట్ ఎండకూ నీళ్లకూ గోధుమ రంగుకు తిరుగుతుంది. కొద్దిగా తిరిగి ఉన్నదాన్ని రాత్రంతా నీళ్లలో ఉంచితే తెల్లారేసరికి పూర్తిగా రంగు మారిపోతుంది. పాత ఇంగ్లీషు పెన్నుల్లో కొన్నిటిని పాల విరుగుడుతో చేసే కేసీన్‌తో చేశారు, కాన్వే స్టూవర్ట్ రంగురంగుల పెన్నులు ముఖ్యంగా. కేసీన్ నీళ్లలో ఉబ్బి వంకరపోతుంది. ఏ పదార్థమో తేలేదాకా తడిగుడ్డతో తుడవడం వరకే.

మూడో అడుగు: కంపెనీల అంకెల భాష

ఇప్పుడు లూప్ పెట్టి బ్యారెల్, క్లిప్పు, క్యాప్ అంచు చూడండి.

వాటర్‌మాన్ పాత పెన్నులకు అంకె బ్యారెల్ అడుగున, గుండ్రటి చివర మీద ఉంటుంది. 1917 నుంచి ఆ అంకెల్లోనే పెన్ను జాతకం రాశారు. ఒకట్ల స్థానం పాళీ సైజు. పదుల స్థానం ఇంకు పద్ధతి, 5 అంటే లివర్, 4 అంటే సేఫ్టీ. కాబట్టి 52 అంటే లివర్ పెన్ను, రెండో సైజు పాళీ. 42 అంటే సేఫ్టీ పెన్ను, అదే పాళీ. వందల స్థానంలో 4 చేరి 452 అయితే ఒంటిమీద స్టెర్లింగ్ వెండి తొడుగు ఉండాలి. అడుగున 52 అని ఉండి పాళీ మీద 4 అని ఉంటే పాళీ మారిందని అర్థం. ఇంత తేలిగ్గా దొంగను పట్టిచ్చే కంపెనీ ఇంకోటి లేదు.

పార్కర్ ఇలా మోడల్‌ను రాయదు గాని తేదీని రాస్తుంది. 1930ల మధ్య నాటి వాక్యుమాటిక్‌ల బ్యారెల్ మీద రెండు అంకెలు చూస్తారు. 35 అంటే 1935 కాదు, మూడో త్రైమాసికం, 5తో ముగిసే సంవత్సరం. ఇక్కడ అది 1935 అయింది కాబట్టి సరిపోయింది, 26 అని ఉంటే 1936 రెండో త్రైమాసికం. 1938 మధ్య నుంచి అంకె ఒక్కటే ఉంచి పక్కన చుక్కలు పెట్టారు. మూడు చుక్కలు మొదటి త్రైమాసికం, రెండు రెండోది, ఒకటి మూడోది, చుక్కలేమీ లేకపోతే నాలుగోది. ఏ దశాబ్దమో అంకె చెప్పదు. దాన్ని మీరు కడ్డీని బట్టి తేల్చాలి. బ్యారెల్ మీద 1 ఉండి లోపల ఏరోమెట్రిక్ తొడుగు ఉంటే 1951, వాక్యుమాటిక్ కడ్డీ ఉంటే 1941. యంత్రం ముందు, అక్షరం తర్వాత అన్నది ఇందుకే.

తర్వాతి కాలపు పార్కర్లకు, ముఖ్యంగా 1980 నుంచి, ఇంగ్లీషులో "క్వాలిటీ పెన్" అనే మాటలోని పది అక్షరాలే సంవత్సరాల గుర్తులు. క్యూ 0, యు 1, ఎ 2, ఎల్ 3, ఐ 4, టి 5, వై 6, పి 7, ఇ 8, ఎన్ 9. త్రైమాసికానికి 1986 దాకా ఇ, సి, ఎల్, ఐ అక్షరాలు, 1987 నుంచి వరసగా మూడు గీతలు, రెండు గీతలు, ఒక గీత, ఆఖరిదానికి ఏమీ లేదు. క్యాప్ అంచు మీద వై, ఎల్ కలిసి కనిపిస్తే 1986 మూడో త్రైమాసికం. ఒక మెలిక ఉంది. ఐ అక్షరమూ ఒక గీతా చూడటానికి ఒకేలా ఉంటాయి. క్యూ పక్కన అది కనిపిస్తే 1980 ఆఖరిదీ కావచ్చు, 1990 మూడో త్రైమాసికానిదీ కావచ్చు. ఆ మోడల్ ఎప్పుడు అమ్మకంలో ఉందో చూసి తేల్చాలి. మన దేశంలో 1996 నుంచి లక్సర్ తయారుచేసిన పార్కర్లు వేరే సంగతి. రోజూ రాసుకోవడానికి మంచివే, కానీ వాటిని ఈ లెక్కల్లోకి తేకండి.

మోంట్‌బ్లాంక్ అంకెలు వినడానికి చక్కగా ఉంటాయి. 149లో 1 అంటే మైస్టర్‌స్టుక్ వరస, 4 అంటే పిస్టన్, 9 అంటే పాళీ సైజు. 1952లో వచ్చిన పెన్నుకు ఇది సరిపోయింది. అయితే తర్వాత్తర్వాత అదే 144, 145 అంకెలతో కార్ట్రిడ్జ్ పెన్నులు చేశారు. కాబట్టి ఈ సూత్రాన్ని పాత పెన్నుల వరకే నమ్మండి. 1950ల నాటి 149 సెల్యులాయిడ్‌ది, క్యాప్ పట్టీల్లో వెండి ఉంటుంది. తర్వాతివి రెసిన్ అనే ప్లాస్టిక్‌వి. పాళీ కింద ఇంకు అందించే నల్లటి ఫీడ్ ఎబొనైట్‌దైతే పాతది, ప్లాస్టిక్‌దైతే ఇటీవలిది. క్లిప్పు రింగు మీద పశ్చిమ జర్మనీ అని ఉంటే రెండు జర్మనీలూ ఏకమైన 1990కి ముందుది. ఒట్టి జర్మనీ అని, వరస సంఖ్యతో ఉంటే ఆ తర్వాతిది. పాళీ మీద 4810 అన్నది మోంట్ బ్లాంక్ శిఖరం ఎత్తు, మీటర్లలో. మోడల్ నంబరు అనుకుని వెతికేవాళ్లు ఉన్నారు. నకిలీని పట్టుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: 149 అని రాసి ఉండి, లోపల కార్ట్రిడ్జ్ బదులు పెట్టుకునే, ఇంకు పీల్చే గొట్టం, అంటే కన్వర్టర్ ఉందా? ఉంటే నకిలీయే. అసలు 149 పిస్టన్‌తో తప్ప ఇంకోలా లేదు.

పెలికాన్‌కు క్యాప్ మీది పక్షి బొమ్మ చూడండి. గూటిలో నాలుగు పిల్లలుంటే 1937 లోపుది, రెండుంటే 1938 తర్వాతది, ఒక్కటే ఉంటే 2003 తర్వాతది. 1950 నాటి 400కీ, 1982లో వచ్చిన ఎం 400కీ చారలు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ పిల్లల లెక్కతోపాటు ఆకారం కూడా చూసుకోవాలి.

షేఫర్‌లో తెల్ల చుక్క 1924 నుంచి జీవితకాలపు హామీ ఉన్న పెన్నులకు గుర్తు. 1929 నుంచి బాలెన్స్ అనే కదురు ఆకారపు పెన్నులు, 1942 నుంచి కోను లాగా చుట్టుకున్న ట్రయంఫ్ పాళీ, 1959లో పీఎఫ్ఎం అనే లావుపాటి పెన్ను, దానికి వేళ్లతో పట్టుకునే భాగంలోకే పొదిగిన పాళీ. స్నార్కెల్ అన్నది మోడల్ పేరు కాదు, యంత్రం పేరు. క్లిప్పర్, వేలియంట్, స్టేట్స్‌మన్ అనే పేర్లు దాని మీది క్యాప్, పాళీలను బట్టి మారుతాయి.

నాలుగో అడుగు: పాళీ

పాళీని నమ్మండి, కానీ సాక్షిలా మాత్రమే. 14కె, 14సి, 585 అంటే పద్నాలుగు క్యారట్ల బంగారం. 18కె, 750 అంటే పద్దెనిమిది. కంపెనీ పేరు లేకుండా "వారంటెడ్ 14" అని మాత్రమే ఉంటే, అది బయట తయారై చాలా కంపెనీల పెన్నులకు తగిలించిన పాళీ. బంగారమే, కానీ పెద్ద కంపెనీ పెన్నులో ఉంటే మార్చినట్టు అనుమానించండి. "ఇరిడియం పాయింట్ జర్మనీ" అని ఉంటే ఉక్కు పాళీ, ఖరీదైన పాత పెన్నుకు సంబంధం లేదు. అయస్కాంతానికి అతుక్కుంటే బంగారం కాదు. అతుక్కోకపోయినంత మాత్రాన బంగారం అని కాదు, కొన్ని స్టెయిన్‌లెస్ ఉక్కులు కూడా అతుక్కోవు.

క్యాప్ మీద వన్ బై టెన్ 12కె లాంటి గుర్తు, లేదా రోల్డ్ గోల్డ్ అని ఉంటే అది బంగారు రేకు పరిచిన లోహం, గట్టి బంగారం కాదు. స్టెర్లింగ్ అంటే 925 వెండి. 1964లో వచ్చిన పార్కర్ 75 ఇలాంటి వెండి పెన్నే. పాళీని కావలసిన కోణానికి తిప్పుకునేందుకు పట్టు దగ్గర గీతలున్న లోహపు రింగు ఉంటుంది. తొలినాటి వాటిలో ఆ రింగు మీద సున్నా గుర్తు కూడా ఉంటుంది. సున్నా ఉందా లేదా అన్నది కొనేవాళ్లు మొదట అడిగే ప్రశ్న.

హీరోనా, 51నా?

మన వైపు ఇదే పెద్ద సమస్య కాబట్టి వేరుగా చెబుతున్నాను. పార్కర్ 51 తన పాళీని తొడుగు కింద దాచుకుంటుంది, మొన ఒక్కటే బయటికి కనిపిస్తుంది. షాంఘైలో తయారైన హీరో 616, హీరో 100 పెన్నులు ఆ రూపాన్నే తీసుకున్నాయి. లోపల నొక్కే సంచి కూడా అదే తీరు. దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకప్పుడు హీరో పెన్ను జేబులో ఉంటే చదువుకున్నవాడని లెక్క. ఇంట్లో అందరూ ఏళ్ల తరబడి దాన్ని "పార్కర్ పెన్ను" అనే పిలిచి ఉంటారు.

క్యాప్ కింది అంచున చైనా అక్షరాలున్నాయేమో లూప్‌తో చూడండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. అక్షరాలు అరిగిపోతే బ్యారెల్ విప్పండి. పార్కర్ లోహపు తొడుగు మీద పెన్ను పేరు, నింపే పద్ధతి ఇంగ్లీషులో చెక్కి ఉంటాయి. బ్యారెల్, పాళీని దాచే తొడుగు కలిసే చోట పార్కర్‌కు సన్నటి లోహపు రింగు ఉంటుంది, దానికి పట్టుకునే క్యాప్ ఒక్క మెత్తటి తోపుతో ఆగుతుంది. లూసైట్ ఒళ్లు డెబ్బై ఏళ్లకు కూడా నున్నగా ఉంటుంది. హీరో 100కు బంగారు పాళీ ఉంటుంది కాబట్టి "బంగారు పాళీ ఉంది, కాబట్టి పార్కర్" అన్న లెక్క చెల్లదు. హీరో అని తేలినంత మాత్రాన పారేయాల్సిన పనీ లేదు. బాగా రాసే పెన్ను అది.

51 అని తేలాక తోక చూడండి. చివర మూత గీత ఉంటే వాక్యుమాటిక్, 1941 నుంచి 1948 మధ్యది. గీత లేకపోతే ఏరోమెట్రిక్. క్లిప్పు మీద నీలి వజ్రం గుర్తు 1947 ప్రాంతంతో ఆగింది. అదే పోలికలతో చౌకగా 1948లో వచ్చిన పార్కర్ 21 కూడా ఉంది. దానిది ఉక్కు పాళీ, ప్లాస్టిక్ తేలిగ్గా పగులుతుంది. 1956 నాటి 61కి తొడుగు మీద చిన్న బాణం పొదిగి ఉంటుంది.

ఐదో అడుగు: వర్గీకరించి రాసుకోవడం

ఇన్ని చూశాక నోటుబుక్కులో ఎక్కించాలి. నాలుగు మెట్లు చాలు: కంపెనీ, ఊరు; కుటుంబం, అంటే మోడల్ పేరు, ఇంకు పద్ధతి; రకం, అంటే సైజు, రంగు, క్యాప్; కాలం, దానికి ఆధారం. ఆధారం రాయకుండా తేదీ రాయకండి. ఇంకో ఏడాది తర్వాత మీకే గుర్తుండదు. వీటి కింద మార్పులకు ఒక వరస వదలండి. ఉదాహరణకు ఇలా ఉంటుంది:

పార్కర్, జేన్స్‌విల్, అమెరికా. 51, వాక్యుమాటిక్. మామూలు సైజు, నలుపు, బంగారు రేకు క్యాప్. 1946 రెండో త్రైమాసికం, బ్యారెల్ మీద 6, రెండు చుక్కలు, ప్లాస్టిక్ కడ్డీ. మార్పులు: క్లిప్పు మీద నీలి వజ్రం లేదు, క్యాప్ తర్వాతిది కావచ్చు.

ఊరు కూడా రాయమన్నది ఊరికే కాదు. ఇంగ్లండ్‌లోని న్యూహేవెన్ ఫ్యాక్టరీ పార్కర్లకూ అమెరికా పార్కర్లకూ కొన్ని మోడళ్లు, తేదీలు కలవవు. మద్రాసు దుకాణాల్లో కొన్న పెన్నుల్లో ఇంగ్లండ్‌వి తగులుతుంటాయి.

మన తెలుగు పెన్నులకు కూడా నోటుబుక్కులో ఒక పేజీ ఉంచండి. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం చేసిన స్వదేశీ పెన్నును వాడి చూసి గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అది లేత్ మీద చేత్తో మలచిన ఎబొనైట్ డ్రాపర్ పెన్ను. 2009లో మోంట్‌బ్లాంక్ అదే గాంధీ పేరుతో, దండి యాత్ర 241 మైళ్లకు గుర్తుగా 241 ఖరీదైన పెన్నులు చేసి, ఒక్కోటి పదకొండు లక్షల పైన అమ్మబోయి కోర్టు దాకా వెళ్లింది. రెంటినీ పక్కపక్కన పెడితే నేనైతే రాజమండ్రి పెన్నే తీసుకుంటాను. చేతి పని పెన్నులకు మోడల్ నంబర్లు, తేదీ గుర్తులు పెద్దగా ఉండవు. కొనుక్కున్న రసీదు, ఇంటివాళ్ల మాట, ఎబొనైట్ రంగు మారిన తీరు ఇవే ఆధారం.

చూపించి నిర్ధారించుకోవాలంటే చెన్నైలో పాత పెన్నులు బాగుచేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తిరుపతి నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపు పని చూసుకోవచ్చు. వెళ్లేముందు నోటుబుక్కు పేజీ ఫోటో తీసుకుని వెళ్లండి. పెన్ను ఇచ్చేటప్పుడు "పాత భాగం ఏది తీసినా నాకు తిరిగి ఇవ్వండి" అని ముందే చెప్పండి. పనికిరాని సంచి అయినా సరే, కంపెనీ పాళీ అయితే మరీను. అమ్మాలనుకున్నా సంచి మార్చి, మెరుగు పెట్టి అమ్మకండి, సేకరించేవాళ్లు ఉన్నదాన్ని ఉన్నట్టే కోరుకుంటారు.

దాచేటప్పుడు సెల్యులాయిడ్ పెన్నులను గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, రబ్బరు సంచులున్న పెన్నులతో కలిపి పెట్టకండి. రబ్బరు వదిలే గంధకపు ఆవిరికి లేత రంగు సెల్యులాయిడ్ నల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మేడ గదిలో ఉంచకండి. ప్రతి పెన్నుకూ నోటుబుక్కు వరస సంఖ్య కాగితం మీద రాసి, దారంతో క్లిప్పుకు కట్టండి. స్టిక్కరు అంటించవద్దు, దాని జిగురు బ్యారెల్ మీది అచ్చు అక్షరాలను తినేస్తుంది.